పీకితే ఊడొచ్చే పుస్తకం

నేను లెక్కల టీచర్ని. హన్మకొండలో ఉంటాను. పరకాల రోడ్డు మీద ఒక ఊరి హైస్కూల్‌కు రోజూ బస్సులో పోయి వస్తాను. రెండు వేసవుల కింద, బడికి సెలవులిచ్చిన రోజు నా బ్యాగు దులిపితే ఐదు నోటుబుక్కులు బయటపడ్డాయి. ఒకటి లెసన్ ప్లాన్లది. ఒకటి పదో తరగతి స్పెషల్ క్లాసులది. ఒకదాంట్లో ముందు నుంచి పాలు, గ్యాసు, ఫీజుల లెక్క, వెనక నుంచి రాత్రిళ్లు రాసుకునే నా నాలుగు ముక్కలు. ఈ రెండూ ఎక్కడో నడుమ ఎదురుపడి ఆగిపోయాయి. మిగతా రెండూ సగం రాసి వదిలేసినవి. ఏది ఎందులో రాశానో రాసి పెట్టుకోవడానికి ఆరో నోటుబుక్కు కావాలి.

ఆ నెలలోనే స్పాట్ వాల్యుయేషన్‌లో వేరే స్కూల్ ఇంగ్లీష్ మేడమ్ ఒకావిడ పరిచయమైంది. మధ్యాహ్నం టిఫిన్ బాక్సులు తెరిచి కూర్చున్నప్పుడు సకినాల కొలత అడిగాను. ఆవిడ తన నోటుబుక్కు తెరిచి, ఒక పేజీ పట్టుకుని పక్కకు లాగింది. టపటపమంటూ ఊడొచ్చింది. చింపలేదు, పీకింది. నేను ఫోటో తీసుకున్నాక అదే పేజీని అంచు వెంబడి వేలితో నొక్కుకుంటూ పోయింది, అది మళ్లీ తన చోట కూర్చుంది. ఆ రోజు దిద్దిన పేపర్లలో ఒక్కటీ నాకు గుర్తులేదు. ఆ చప్పుడు మాత్రం గుర్తుంది.

దాన్ని డిస్క్ బౌండ్ నోటుబుక్కు అంటారని ఆవిడే చెప్పింది. చూడ్డానికి స్పైరల్ బైండింగ్‌లా ఉంటుంది కానీ తీగ ఉండదు. దాని బదులు క్యారమ్ బిళ్ల కన్నా కొంచెం చిన్నవి, గుండ్రటి ప్లాస్టిక్ డిస్కులు వరసగా ఉంటాయి. ఒక్కో డిస్కు అంచు దగ్గర ఉబ్బి, లోపల పల్చగా ఉంటుంది. కాగితానికి కొట్టే రంధ్రం కూడా గుండ్రంగా ఉండదు. పుట్టగొడుగు ఆకారంలో ఉంటుంది, మా అమ్మ మాటల్లో పుట్టకొక్కు. కాడ భాగం కాగితం అంచు దాకా తెరిచి ఉంటుంది, గొడుగు భాగం లోపలికి ఉంటుంది. డిస్కు ఉబ్బు గొడుగులో కూర్చుంటుంది, కాడకు అటూ ఇటూ మిగిలిన కాగితపు కొనలు దాన్ని పట్టుకుంటాయి. లాగితే కొనలు వంగి వదులుతాయి, నొక్కితే మళ్లీ పట్టుకుంటాయి. ఇంతే యంత్రాంగం. కొత్తదేమీ కాదు, బెల్జియంలో 1948లో పుట్టింది. అటోమా అనే పేరుతో అక్కడి బడిపిల్లలు వాడే నోటుబుక్కులు ఇవే. రింగ్ ఫైలుతో కూడా పేజీ తీసి పెట్టొచ్చు కదా అంటే, పెట్టొచ్చు. కానీ రింగ్ ఫైలును పూర్తిగా వెనక్కి మడవలేం. దీన్ని మడిచి, ఒక చేత్తో పట్టుకుని, ఊగే బస్సులో నిలబడి రాయొచ్చు. పరకాల బస్సులో సీటు దొరకని వాళ్లకు ఆ తేడా తెలుస్తుంది.

ఇక నేను చేసిన మొదటి తప్పు అందరూ చేసేదే అనుకుంటా. అసలు పుస్తకం లేకముందే అలంకారాలు కొన్నాను. స్టిక్కర్లు, వాషి టేపులనే రంగురంగుల కాగితపు టేపులు, ఆరు రంగుల బ్రష్ పెన్నులు. ఆర్డర్ పెట్టిన మూడో రోజు డబ్బా వచ్చింది. మా చిన్నది ఎనిమిదో తరగతి, అది ఒక్క సాయంత్రంలో సగం స్టిక్కర్లు తన సైన్స్ రికార్డుకు అంటించేసుకుంది. ఒక రకంగా మంచిదే అయింది. మిగతా సగం ఇప్పటికీ అట్లాగే ఉన్నాయి.

పంచ్ మిషన్ ధర చూస్తే గుండె గుభేల్‌మంది. ఈ పుట్టగొడుగు రంధ్రాలు కొట్టే పంచ్ మూడు వేల పైచిలుకు. డిస్కులు మాత్రం చవక. అందుకని డిస్కులు మాత్రమే తెప్పించి, కాగితం సంగతి ఇక్కడే చూసుకుందామనుకున్నాను. యూనివర్సిటీ వైపు పిల్లల ప్రాజెక్టులు బైండింగ్ చేసే జిరాక్స్ షాపు ఒకటుంది. అతనికి డిస్కు చూపించి, ఇట్లాంటి రంధ్రం పడుతుందా అన్నాను. ఆ అబ్బాయి డిస్కును అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

“మేడమ్, గిదంత తక్లీఫ్ ఎందుకు? స్పైరల్ కొట్టిస్త, నలభై రూపాయలల్ల అయిపోతది.”

“స్పైరల్ అయితే పేజీ తియ్యరాదు కదా తమ్ముడూ.”

“తీసుడెందుకు మేడమ్? తీసేటట్లయితే బైండింగ్ ఎందుకు జేస్తరు?”

ఆ ప్రశ్న అక్కడితో ఆగలేదు. ఇంటికొచ్చాక మా బాపు నోటి నుంచి మళ్లీ వచ్చింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

పంచ్ లేకుండా చెయ్యొచ్చని ఒక వీడియోలో చూశాను. మామూలు సింగిల్ హోల్ పంచ్‌తో అంచుకు దగ్గరగా గుండ్రటి రంధ్రం కొట్టి, అంచు నుంచి రంధ్రం దాకా కత్తెరతో రెండు గాట్లు పెడితే పుట్టగొడుగు అవుతుంది. నిజమే, అవుతుంది. ఏ5 కాగితానికి, అంటే ఏ4లో సగానికి, ఎనిమిది డిస్కులు. నలభై కాగితాలకు మూడు వందల ఇరవై రంధ్రాలు, ఆరు వందల నలభై గాట్లు. పదిహేనో కాగితం దగ్గర నా బొటనవేలు వాచింది. పైగా చేత్తో చేసేసరికి ఒక రంధ్రం అంచుకు ఒక మిల్లీమీటరు దగ్గరగా, ఇంకోటి దూరంగా పడింది. పేజీ తిప్పితే పట్టేస్తుంది. నేను వాడినవి మామూలు పల్చటి (70 జీఎస్ఎం) జిరాక్స్ కాగితాలు, రెండుసార్లు పీకి పెట్టేసరికి కొనలు చిరిగాయి. ఒక పది కాగితాలతో ఈ పద్ధతి మీకు నచ్చుతుందా లేదా తేల్చుకోవడానికైతే ఆ అడ్డదారి పనికొస్తుంది. ఏడాది నడవాలంటే మాత్రం పంచ్ తప్పదు. జూన్ జీతం పడగానే కొన్నాను. “ఈ పైసలకు ఇరవై నోటుబుక్కులొచ్చేవి” అన్నారు మా ఆయన. తప్పు లెక్క, అరవై వచ్చేవి. నేను చెప్పలేదు.

పంచ్ వచ్చాక నేను చేసిన మొదటి పని స్కేలు పెట్టి కొలవడం. వృత్తి జబ్బు. రంధ్రానికీ రంధ్రానికీ నడుమ సరిగ్గా అంగుళం. ఎనిమిది రంధ్రాలంటే మొదటి దాని నడుమ నుంచి చివరి దాని నడుమకు ఏడు అంగుళాలు, 178 మి.మీ. ఏ5 ఎత్తు 210 కాబట్టి పైనా కిందా పదహారేసి మి.మీ. మిగులుతుంది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఇంగ్లీష్ మేడమ్ ప్రేమతో, వాళ్ల చెల్లెలు అమెరికా నుంచి తెచ్చిన పేజీల ప్యాకెట్ ఒకటి నాకిచ్చింది. రంధ్రాలు కొట్టి, గీతలు గీసి సిద్ధంగా ఉన్నవి. డిస్కులకు చక్కగా ఎక్కాయి. కానీ అట్ట మూస్తే పైనా కిందా కాగితం తొంగి చూస్తోంది, కుడివైపేమో అట్ట కన్నా లోపలికే ఆగిపోయింది. అమెరికా వాళ్లు వాడే లెటర్ సైజు కాగితంలో సగం 140 ఇంటూ 216 మి.మీ. మన ఏ5 148 ఇంటూ 210. రంధ్రాలు కలిసినంత మాత్రాన కాగితాలు కలవవు. పైనా కిందా మూడేసి మి.మీ. అంతే కదా అనిపిస్తుంది, కానీ బ్యాగులో నాలుగు రోజులు తిరిగాక ఆ మూడు మి.మీ. నలిగి కుక్క చెవుల్లా తయారైంది. దానికి తోడు ఆ ప్యాకెట్‌లో వారం ఆదివారంతో మొదలవుతుంది, నవంబర్‌లో థాంక్స్ గివింగ్ అని అచ్చు వేసి ఉంది, బతుకమ్మ లేదు. మన పేజీలు మనమే వేసుకోవాలని అప్పుడు తేలింది.

నిజంగా ఎక్కువ సమయం పట్టింది ఇక్కడే. దుకాణాల్లో దొరికే ప్లానర్లు జనవరిలో మొదలవుతాయి. టీచర్ ఏడాది జూన్‌లో మొదలవుతుంది. బడి తెరిచేది జూన్ 12న, మూసేది ఏప్రిల్ మూడో వారం దాటాక. ఆ నడుమ ఉన్న వారాలు లెక్కేస్తే నలభై అయిదు, నలభై ఆరు. వారానికి ఎదురెదురు రెండు పేజీలు. ఎడమ పేజీలో సోమవారం నుంచి శనివారం దాకా ఆరు గళ్లు, ఆదివారానికి సగం గడి. కుడి పేజీ మొత్తం ఐదు మి.మీ. దూరంలో చుక్కలు. గ్రాఫ్ గీసుకోవచ్చు, రాసుకోవచ్చు, ఏమీ రాయకపోయినా బోసిగా కనిపించదు. తేదీ పక్కన తిథికి చిన్న గడి పెట్టాను. అది అమ్మ పట్టుబట్టి పెట్టించింది. అమావాస్య, పున్నమి లేని క్యాలెండర్ ఆమె దృష్టిలో కాగితం వృథా.

ఇదంతా ఇంట్లో యూనికోడ్ తెలుగులో, అంటే ఫోన్లలో వాడే తెలుగులో, కొట్టి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని చౌరస్తా దగ్గర ఒక డీటీపీ సెంటర్‌కు పోయాను. వాళ్లు ఇప్పటికీ పెండ్లి కార్డులు, కరపత్రాలు అను ఫాంట్లతో పాత పేజ్‌మేకర్‌లోనే చేస్తారు. దానికి యూనికోడ్ తెలియదు, నా అక్షరాలు అందులో పెట్టగానే వరసగా ప్రశ్నార్థకాలు వచ్చాయి. సోమవారం నుంచి ఆదివారం దాకా ఏడు వారాలూ ప్రశ్నలే. కొన్ని సోమవారాలకు అది తప్పేమీ కాదు. చివరికి ఇంటికి తిరిగొచ్చి పీడీఎఫ్ చేసి తీసుకెళ్లాను. మీరు ఎవరైనా తెలుగులో పేజీలు వేయించుకుంటే ముందే పీడీఎఫ్ చేసుకుని పొండి, రెండు ఆటో కిరాయిలు మిగులుతాయి.

ఇంకో దెబ్బ రెండువైపులా ప్రింట్ దగ్గర తగిలింది. ఏ4 కాగితాన్ని అడ్డంగా పెట్టి రెండు ఏ5 పేజీలు పక్కపక్కన వేసి, తర్వాత నడుమకు కోస్తాం కదా. అడ్డంగా ఉన్న కాగితానికి రెండోవైపు ప్రింట్ తీసేటప్పుడు పొట్టి అంచు మీద తిప్పాలి. ఆ అబ్బాయి అలవాటు కొద్దీ పొడుగు అంచు మీద తిప్పే సెట్టింగ్ పెట్టాడు. అరవై ఏ4 కాగితాలు వచ్చేశాక చూస్తే వెనకవైపు అంతా తలకిందులు. జూలై తిప్పితే ఆగస్టు శీర్షాసనం వేసి ఉంది. తప్పు అతనిదీ నాదీ సగం సగం, ఒక కాగితం నమూనా తీసి చూడమని నేను అడగాల్సింది. డబ్బులు సగమే తీసుకున్నాడు. ఆ అరవై కాగితాలు పదో తరగతి పిల్లలకు రఫ్ పనికి ఇచ్చాను. ఆ నెలంతా క్లాసులో నా ఆగస్టు మీద సమీకరణాలు సాధించారు.

రెండోసారి పోయేముందు ఇంట్లో ఒక కాగితాన్ని కోసి, మడిచి, నాలుగు పేజీల మీద నంబర్లు వేసుకుని చూసుకున్నాను. ఎడమ సగం వెనకాల వచ్చేది రెండోవైపు కుడి సగం. ఇంకోటి, ముందువైపు రంధ్రాల అంచు ఎడమన ఉంటుంది, వెనకవైపు అదే అంచు కుడికి వస్తుంది. అందుకని వెనక పేజీకి ఖాళీ కుడివైపు వదలాలి, కనీసం పదమూడు మి.మీ. అయినా ఉండాలి. ఇది మరిచిపోతే శనివారం మీద రంధ్రం పడుతుంది.

కాగితం ఈసారి 100 జీఎస్ఎం తీసుకున్నాను. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు అని. ఏ5 కాగితాలు ముప్పై రెండు పరిస్తే ఒక చదరపు మీటరు, అంటే ముప్పై రెండు కాగితాలు కలిసి వంద గ్రాములు. మొత్తం ఏడాది వారాలూ, నెలలూ, రోజువారీ రాసుకునే పేజీలూ కలిపి మోస్తే కిలో దగ్గరికి పోతుంది. అందుకే ఒకేసారి మూడు నెలలవే పుస్తకంలో ఉంచుతాను, సుమారు తొంభై ఆరు కాగితాలు, మూడు వందల గ్రాములు. నా దగ్గరున్న అంగుళం డిస్కుల్లో అంతకు మించి పెడితే పేజీ తిప్పడం కష్టం కూడా. ఇంకా పెద్ద డిస్కులు దొరుకుతాయి గానీ, పుస్తకం ఇటుకలా ఉబ్బితే వెనక్కి మడిచి బస్సులో రాసే సుఖం పోతుంది. అయిపోయిన నెలలు చీర డబ్బాలో పెడతాను. పెండ్లి పట్టుచీరలు వచ్చే అట్టడబ్బాలో ఏ5 కాగితాలు రెండు వరసలు పడతాయి. ఆఫీసు ఫైళ్లకు వాడే ట్యాగు ఆ రంధ్రాల్లోంచి దూర్చి ముడేస్తే కట్ట కదలదు.

అట్ట విషయం చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు, ఎందుకంటే నలుగురికీ చూపించుకునేది అదే. మా అమ్మవాళ్ల పాత ఇల్లు కొత్తవాడ దగ్గర. అక్కడి జంపఖానాలు, వరంగల్ దరీలు, మీకు తెలిసే ఉంటుంది. 2018లో వాటికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. తెలిసిన నేత ఇంటివాళ్లను అడిగితే, అంచు కోసేసిన ముక్క ఒకటి ఇచ్చారు. ఎరుపూ నలుపూ చారలు. దాన్ని అట్టకు అంటించి పంచ్‌లో పెడితే పంచ్ నోరే పట్టలేదు. బలవంతంగా నొక్కితే పిడి వంకర పోయేది. రెండు రోజులు ఆలోచించాక తట్టింది. స్పైరల్ బైండింగ్‌కు పైన వేసే ప్లాస్టిక్ షీటుకు మాత్రమే రంధ్రాలు కొట్టాను. ఆ అంచున అంగుళంన్నర వదిలి, మిగతా భాగానికి దరీని ఫెవికాల్‌తో అంటించాను. కోసిన అంచు పోగులు ఊడిపోకుండా ముందే జిగురు పూసి ఆరబెట్టాలి. నేను అది చెయ్యకుండా మొదటి అట్ట చేశాను. వారానికల్లా నా బ్యాగులో పిల్లి పడుకుని లేచినట్టు అయింది.

విభాగాలకు నడుమ పెట్టే గట్టి కాగితాలకు పెండ్లి కార్డులు వాడాను. ఇంట్లో ఎన్ని ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. మందంగా ఉంటాయి, మెరుపు ఉంటుంది, మూలలకు పసుపు కూడా ఉంటుంది. ఒక్కటే ఇబ్బంది, అమ్మ వినాయకుడి బొమ్మ మీద కత్తెర పెట్టనియ్యలేదు. దేవుడున్న పేజీలన్నీ విడిగా తీసి పూజ గది అరలో పెట్టింది. శుభముహూర్తం పేజీలు మాత్రం నాకిచ్చింది. అందుకే నా బడి విభాగం ఎవరిదో పెండ్లి రిసెప్షన్‌తో మొదలవుతుంది.

విభాగాలు ఐదు పెట్టాను. నెల, వారం, బడి, ఇల్లు, రాత్రి. రాత్రి అంటే జర్నల్, ఆ మాట వాడటానికి సిగ్గనిపించి రాత్రి అన్నాను. జూలై అంతా బాగానే గడిచింది. పొద్దున బస్సులో వారం పేజీ, స్కూల్లో బడి పేజీ, పడుకునేముందు రాత్రి పేజీ. ఎఫ్ఏ-1, అంటే ఏడాదిలో మొదటి పరీక్ష, మార్కుల పేజీని పీకి హెడ్మాస్టర్ టేబుల్ మీద పెట్టి, ఆయన చూశాక మళ్లీ ఎక్కించుకున్నాను. ఆ టపటప చప్పుడుకు స్టాఫ్‌రూమ్ అంతా తలలు తిప్పింది. కొంచెం గొప్పగానే ఉండింది.

ఇప్పుడు మా బాపు. ఆయన వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో ముప్పై ఏళ్లు గుమాస్తా. పత్తి, మిర్చి. ఎర్రగుడ్డ బైండింగ్ ఉన్న పొడుగాటి ఖాతా పుస్తకాలు ఆయన లోకం. కంట్లో శుక్లం ఆపరేషన్ అయినప్పటి నుంచి అమ్మ, బాపు మా దగ్గరే ఉంటున్నారు. ఒక ఆదివారం నేను పేజీలు అటూ ఇటూ సర్దుతుంటే కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

“ఏం బిడ్డా, మంచిగున్న పుస్తకాన్ని పీకి పీకి పెడ్తున్నవ్?”

చెప్పాను. రోజువారీ పేజీ మీద అన్నీ కలిపి రాస్తానని, తర్వాత ఏ పేజీ ఏ విభాగానికి చెందితే అక్కడికి జరుపుతానని. ఆయన కాసేపు విన్నాడు.

“అంటే చిట్టా, ఆవర్జా అన్నట్టు.”

నాకు ఒక్క క్షణం నోట మాట రాలేదు. ఇంటర్ కామర్స్ పుస్తకాల్లో జర్నల్‌కు తెలుగు చిట్టానే, లెడ్జర్‌కు ఆవర్జా. జరిగింది జరిగిన వరసలో రాస్తే చిట్టా, దాన్ని పేరు పేరునా విడదీసి పెడితే ఆవర్జా. నేను రెండు నెలలుగా వీడియోలు చూసి నేర్చుకున్నది మా బాపు పద్దెనిమిదేళ్లప్పుడే నేర్చుకున్నాడు. కానీ ఆయన సంతోషించలేదు.

“ఆవర్జాకు చిట్టా నుంచి ఎక్కించుకోవాలె గని, చిట్టా కాయితాన్నే పీకి ఆవర్జాల వెడ్తరా? చిట్టాల కాయితం కదలొద్దు. తప్పు రాస్తె గీత కొట్టి పక్కన రాయాలె, పేజీ పీకితె సేటు నౌకరీ పీకేస్తడు. పీకితే ఊడొచ్చేదాన్ని ఎవలన్న నమ్ముతరా?”

ఇది లెక్కల పుస్తకం కాదు బాపూ అని నవ్వేశాను. కానీ మాట గుచ్చుకునే ఉంది. వాడకట్టులో మేం పన్నెండుమంది నడుపుకునే చిట్టీ లెక్క అప్పటికి నా దగ్గరే, ఈ పుస్తకంలోని ఇల్లు విభాగంలోనే ఉంది. ఆ వారమే దాన్ని కుట్టుబైండింగ్ నోటుబుక్కులోకి ఎక్కించేశాను. పదకొండుమంది ముందు పెట్టే లెక్క ఊడొచ్చే కాగితం మీద ఉండకూడదని నాకూ అనిపించింది. అన్నీ ఒకేదాంట్లో పెట్టుకోవాలన్న ఆశతో మొదలుపెట్టాను, మళ్లీ రెండు పుస్తకాలయ్యాయి. ఐదు కన్నా నయం.

రాత్రి పేజీల సంగతి వేరే. ఆగస్టులో మా చిన్నదానికి లెక్కల్లో తక్కువ మార్కులొచ్చాయి. లెక్కల టీచర్ కూతురికి. నేను అనకూడని మాటలు అన్నాను, ఆ పిల్ల అన్నం తినకుండా పడుకుంది. ఆ రాత్రి మూడు పేజీలు రాశాను. సగం దాని మీద కోపం, సగం నా మీద. పొద్దున లేచి చదువుకుంటే నాకే నచ్చలేదు. మామూలు నోటుబుక్కు అయితే చింపితే కనిపిస్తుంది, జంట పేజీ వదులవుతుంది, ఆ భయానికి ఉంచేసేదాన్ని. దీంట్లో ఏ జాడా ఉండదు. రెండు కాగితాలు టపటప పీకి చీర డబ్బాలో అడుగున పెట్టేశాను. పుస్తకం ఏమీ జరగనట్టే మూసుకుంది.

దసరా సెలవుల్లో ఒకరోజు బాపు కళ్లజోడు పెట్టుకుని నా పుస్తకం తిరగేస్తున్నాడు. గుమాస్తా చదవడు, తేదీలు చూస్తాడు, అది వేరే రకం చదువు. రాసిన మాటలు ఆయనకు అక్కర్లేదు.

“పదమూడు తర్వాత పదహారున్నది. నడుమ దినాలు ఏడవొయినయ్?”

నేను రాయలేదు అన్నాను. ఆయన కళ్లజోడు మీది నుంచి చూశాడు, ఇంకేం అనలేదు. “కాయితానికి నంబరన్న వెయ్యి బిడ్డా, నీకోసమే” అని పుస్తకం మూసి ఇచ్చాడు.

ఆ రాత్రి డబ్బాలోంచి ఆ కాగితాలు తీసి చదివాను. కోపం పాతబడింది గానీ, కింద చివరి నాలుగు వరసలు, పిల్ల పడుకున్నాక దాని కాళ్ల దగ్గర కూర్చున్నప్పటివి, అవి బాగానే ఉన్నాయి. మళ్లీ ఎక్కించాను. అప్పటి నుంచి రాత్రి పేజీలకు మాత్రం పై మూలన నంబర్లు వేస్తున్నాను. మిగతా వాటికి వెయ్యను. అవి తిరగాలి, తిరగడానికే కదా ఇంత ఖర్చు పెట్టింది.

అట్లా తిరిగే పేజీల్లో నాకు బాగా నచ్చింది బతుకమ్మ పేజీ. మొదటి ఏడాది రాసుకున్నాను. మొదటి రోజు ఎంగిలిపూల నాడు ఏం చెయ్యాలి, చివరి రోజు సద్దుల నాటికి ఐదు రకాల సద్దుల్లో ఏది ఎవరు కలుపుతారు, తంగేడు, గునుగు తెచ్చే ఆమె ఏ మూలన కూర్చుంటుంది, ఆడబిడ్డలకు పెట్టాల్సినవి. పండుగయ్యాక పీకి డబ్బాలో పెట్టాను. రెండో ఏడాది భాద్రపదంలో తీసి వారం పేజీల నడుమ ఎక్కించాను. నాలుగు చోట్ల దిద్దాను, రెండు పేర్లు కొట్టేశాను, ఒక కొత్త పేరు చేర్చాను. అదే కాగితం. అంచు కొనలు కొంచెం మెత్తబడ్డాయి, పారదర్శకమైన టేపు వేసి మళ్లీ పంచ్ కొట్టాను, ఇంకో పదేళ్లు వస్తుంది. మేడారం జాతర పేజీ దాని కింద ఉంటుంది, రెండేళ్లకోసారి బయటికొస్తుంది. నిలువెత్తు బంగారం, అంటే మనిషి బరువుకు సరితూగే బెల్లం, ఎవరెవరు మొక్కారో, ఎవరి బెల్లం ఎన్ని కిలోలో, బస్సు ఎక్కడ ఎక్కాలో.

బ్రష్ పెన్నులు ఎండిపోయాయి. వాషి టేపుల్లో ఒక్కటే వాడాను, చిరిగిన కొనలకు. ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లు అడిగితే డిస్కులు, పంచ్, మంచి కాగితం, అంతే చెబుతున్నాను. మా స్కూల్లో ఇద్దరు మేడమ్స్ నా పంచ్‌నే వాడుకుంటున్నారు. నాలుగు కాగితాలకు మించి ఒకేసారి పెట్టొద్దని దాని మీద స్కెచ్ పెన్నుతో రాసి పెట్టాను, అయినా ఒకరు ఎనిమిది పెట్టి ఇరికించారు.

పోయిన నెల డాక్టర్ బాపును పదిహేను రోజులు పొద్దున, సాయంత్రం బీపీ చూసి రాసుకురమ్మన్నాడు. ఫోన్లో రాస్తానంటే ఒప్పుకోలేదు. నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“ఓ కాయితం పీకియ్యి బిడ్డా.”

చుక్కల పేజీ ఒకటి తీసిచ్చాను. స్కేలు పెట్టి తేదీ, పొద్దుగాల, మాపటికి అని మూడు నిలువు గీతలు గీసుకున్నాడు. పై మూలన 1 అని నంబరు వేశాడు. పదిహేను రోజులయ్యాక డాక్టర్‌కు చూపించుకుని వచ్చి, నేను అన్నం వడ్డిస్తుంటే పుస్తకం తెరిచి ఆ కాగితాన్ని తనే ఎక్కించాడు, పై నుంచి కిందికి బొటనవేలితో ఒక్కో డిస్కు మీద నొక్కుతూ. ఇల్లు విభాగంలో కాదు, రాత్రి విభాగంలో పెట్టాడు. నాలుగో డిస్కు దగ్గర సరిగా ఎక్కలేదు. ఆయన ముందర ముట్టుకోలేదు, పొద్దున బస్సులో నొక్కుకున్నాను.